చేతులు లేని ఉప్పు, తొలి పిడికిలి

కుడి ఎడమల విషయంలో నాకున్న పట్టింపు పుట్టుకతో వచ్చినది కాదు గాని, పుట్టిన కొద్దికాలానికే వచ్చినది. ప్రదక్షిణం ఎటు తిరగవలెనో, తాంబూలం ఏ చేత అందుకొనవలెనో, కొత్త ఇంట ఏ పాదం ముందు మోపవలెనో అక్షరాభ్యాసానికి ముందే నేర్పినారు. తరువాత నేను తెలుగు పండితుడనై, ఆ నేర్పినదంతా ఊరి పిల్లలకు అప్పగించినాను. శంఖాలలో కుడికి తిరిగినది మిక్కిలి అరుదనీ, అందుకే పూజ్యమనీ చెప్పేవాణ్ణి. అరుదైనందువల్ల పూజ్యమా, కుడిదైనందువల్ల పూజ్యమా అని ఏ విద్యార్థీ అడగలేదు. అడగకపోవడమే విద్యార్థి లక్షణమని నేను సంతోషించినాను.

ఈ నిశ్చింతకు భంగం కలిగించినది మా కోడలు. ఆమె కోదాడలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతుంది. మా నివాసం సూర్యాపేట. ప్రతి ఉదయం ఆమె బస్సెక్కి, మునగాల మీదుగా పోయి, సాయంత్రం చేతులకు ఏదో ఒక ఆమ్లపు వాసనతో తిరిగి వస్తుంది. ఒక సాయంత్రం పాలకు తోడు పెడుతూ, వంటింటి గడపలో కూర్చున్న నన్ను అడిగింది.

"మామయ్యా, ఇటుకకు కుడి ఎడమలుంటయా?"

"ఉండవమ్మా."

"ఆ ఇటుకలతోని బురుజు మీదికి మలుపు మెట్లు కడితే?"

"మేస్త్రి ఇష్టం. కుడికి తిరగవచ్చు, ఎడమకు తిరగవచ్చు."

"మేస్త్రి లేడనుకోండి. ఇటుకలే వచ్చి పేర్చుకుంటయనుకోండి."

ఇటువంటి ఇటుకలు పురాణాలలో కూడ నాకు తగలలేదు. కాని ఆమె చెప్పినది సోడియం క్లోరేటు అనే ఒక ఉప్పును గూర్చి. నీళ్లలో కరిగి ఉన్నంత సేపు ఆ ఉప్పుకు చేతివాటం లేదు. అద్దంలో చూపినా అదే రూపం. అదే ఉప్పు స్ఫటికంగా గడ్డకట్టేటప్పుడు మాత్రం దాని అణువులు మలుపు మెట్ల వలె పేర్చుకుంటాయి. మొదటి నాలుగు ఇటుకలు ఎటు ఒరిగితే కడపటి ఇటుక వరకు అటే. అట్లా కుడిచేతి స్ఫటికమో ఎడమచేతి స్ఫటికమో పుడుతుంది. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టనట్లు, ఒకటి రెండవదానిపై ఎంత తిప్పినా పొసగదు. మళ్ళీ నీళ్లలో వేస్తే ఆ చేతివాటం జాడ లేకుండ పోతుంది.

"కదపకుండ ఉంచితే ఎక్కడిదక్కడ పుడ్తది మామయ్యా. దగ్గరదగ్గర సగం కుడివి, సగం ఎడమవి. కలియబెడుతూ ఉంటే మాత్రం, మొదలు పుట్టినదాని ముక్కలే గిన్నె అంతా తిరిగి అన్నిటికీ తోడు అయితయి. అన్నీ ఒకటే చెయ్యి."

"ఏ చెయ్యి?"

"ఏదైనా కావచ్చు. మనం కుడికి తిప్పినమా, ఎడమకు తిప్పినమా అన్నదానితో సంబంధం లేదు."

నేను కొన్ని సాహిత్య సంఘాలలోనూ, ఒక ఆలయ కమిటీలోనూ సభ్యుడిగా ఉండి వచ్చినవాణ్ణి. కలియబెట్టే కడ్డీని ఎరుగుదును. అందుచేత ఆమె మాటలో నాకు అర్థం కానిదేమీ కనబడలేదు. అర్థమైనది మాత్రం నచ్చలేదు. సృష్టికి స్వతహాగా కుడి పట్ల అభిమానం లేకపోవడం ఏమి మర్యాద?

ఆమె ఈ సంగతి ఎత్తడానికి ఒక కారణమున్నది. ఆమె కళాశాలకు పరిశీలక బృందమొకటి రానున్నది. రసాయనశాస్త్రపు గ్రూపులో విద్యార్థులు ఏటేటా పలచబడుతున్నారు. అందరూ కంప్యూటర్ల వైపు పోతున్నారు. బృందం మెచ్చి నాలుగు మంచి మాటలు వ్రాస్తే గ్రూపు ఉంటుంది, లేకుంటే వచ్చే ఏడు నుంచి ఎత్తివేత అని కరస్పాండెంటు కబురు పెట్టినాడు. చుట్టుపక్కల తక్కిన కళాశాలలలో ఆ గ్రూపు ఇదివరకే పోయింది. కనుక ఇది పోతే ఆమెకు ఇక ప్రయోగశాల అనేదే ఉండదు. బృందానికి చూపడానికి ఆమె ఎంచుకున్నది ఈ చేతులు లేని ఉప్పునే.

కరస్పాండెంటు గారిది మిర్యాలగూడ. తరతరాల వ్యవసాయ కుటుంబం. అక్కడ రైసుమిల్లు, ఇక్కడ కళాశాల. రెంటినీ ఆయన ఒకే సూత్రంతో నడిపేవాడు. గింజ ఒకవైపు నుంచి లోనికి పోవలె, తెల్లబడి రెండవవైపు నుంచి బయటికి రావలె. పాత తెలుగు మీద ఆయనకు గౌరవం మెండు. అర్థం కానిదంటే గౌరవించేవారు మనలో ఎక్కువ కదా. అందుకే కోడలిని మిల్లుకు పిలిపించినప్పుడు నన్ను కూడ వెంటపెట్టుకొని రమ్మన్నాడు.

మేము పోయేసరికి కోతల కాలపు మొదటి వడ్లు వచ్చి ఉన్నాయి. లారీలు గేటు దాటి రోడ్డు మీదికి బారులు తీరినాయి. హమాలీలు బస్తాల మీద కూర్చున్నారు. యంత్రం మాత్రం ఆయన చేతి కోసం ఆగి ఉన్నది. వడ్లు పోసే పెద్ద గరాటు వంటి నోట్లో, ప్రతి పంట కారుకూ తొలి పిడికిలి యజమాని చేతనే పడవలెనట. ఆయన చెప్పులు విడిచి, తూర్పుకు తిరిగి, కుడిచేత పిడికెడు వడ్లు తీసి వేసినాడు. అప్పుడు యంత్రం కదిలింది. వెంటనే ఫోను మోగింది. దాన్ని ఎడమచేత అందుకొని, అదే చేత కలం తీసి గబగబ ఏదో వ్రాసుకోబోయి, నన్ను చూచి ఆగి, కలం కుడిచేతికి మార్చుకొని మెల్లగా వ్రాసినాడు. మర్యాదస్తుడనుకున్నాను.

"దండాలు పంతులుగారూ, కూసోండ్రి. చాయ్ తాగుతరా?" అని, కోడలి వైపు తిరిగి, "ఏమమ్మా, ఆళ్లకు ఏం జూపిస్తున్నవ్?" అన్నాడు.

ఆమె చెప్పింది. ఆయన అంతా విని ఒక్కచోటనే ఆగినాడు.

"అంటే సగం ఎడమవి గూడ వస్తయంటవ్."

"వస్తయి సార్. అందులనే ఉన్నది గొప్ప."

"గొప్పేందమ్మా? శుభమా అని మంది ఇంటికొస్తుంటే ఎడమ చెయ్యి సూపిస్తమా? అన్నీ కుడివే గావాలె."

"ఏరి చూపిస్తే అబద్ధమైతది సార్."

"ఏరుడు నాకు చెప్పకు. మిల్లుల నల్ల గింజను ఏరనీకె మిషినే ఉన్నది నాకు. గాలితోని కొట్టి ఎల్లగొడతది. ఎవలన్న దాన్ని అబద్ధం అన్నరా? సోనా మసూరి అన్నరు."

కోడలు బేరం మొదలుపెట్టింది. మిర్యాలగూడ మిల్లులో బేరమాడగలిగిన రసాయనశాస్త్రజ్ఞులు అరుదని నా విశ్వాసం.

"ఒక పని చేద్దాం సార్. కలియబెట్టే గిన్నెల ముందుగాల ఒక కుడిచేతి స్ఫటికం విత్తనంగ వేస్తం. అన్నీ కుడివే వస్తయి. విత్తనం వేసినమని బోర్డు మీద రాస్తం. కదపని గిన్నె మాత్రం పక్కనే ఉంటది."

"ఆ గిన్నె జర ఎనకకు పెట్టరాదు?"

"పక్కనే సార్."

ఆయన నవ్వినాడు. "నీతోని కాదమ్మా. సరే, పక్కనే పెట్టు. కాని ఆ విత్తనం నా చేత్తోనే పడాలె. మిల్లుల గాని, కాలేజీల గాని తొలి పిడికిలి నాదే. పంతులుగారూ, బోర్డు మీరు రాయాలె, మంచి తెలుగుల. ఒక స్వాగత పద్యం గూడ ఉంటే ఇగ తిరుగుండదు."

తిరుగు బస్సులో కోడలు కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్నది. కాలువ వెంబడి పొలాలు పోతున్నాయి.

"మామయ్యా, ఇది పోతే ఇగ ఇంట్ల కూసోని ట్యూషన్లు చెప్పుకునుడే. బీకరు మొఖం చూడను."

"పోదమ్మా" అన్నాను. పోదని చెప్పడానికి నాకున్న ఆధారం నా పద్యం ఒక్కటే.

బోర్డును శ్రద్ధతో వ్రాసినాను. 'దక్షిణహస్త బీజ నిక్షేపముచే నిఖిల స్ఫటికములును దక్షిణహస్తములే యైనవి' అని నడుమ పెద్ద అక్షరాలలో నిలిపినాను. కోడలు చదివి నొసలు ముడిచింది.

"మామయ్యా, ఇంకా కానే లేదు కదా. ముందే అయినవని రాస్తే ఎట్ల?"

"శాసనాలన్నీ అట్లే ఉంటాయమ్మా. రాయి చెక్కేవాడు ఫలితం కోసం ఆగడు."

రెండు దినాల పరిశీలనకు బృందం వచ్చిన నాడు ప్రయోగశాల పెండ్లిపందిరి వలె ఉన్నది. గుమ్మానికి మామిడి తోరణం, ఆమ్లపు సీసాల అలమారకు బంతిపూల దండ. బల్ల మీద ఒక ప్రక్క కదపని గిన్నె. అందులో చాలా దినాలుగా తమంత తాము పెరిగిన స్ఫటికాలు చక్కెర పలుకుల కంటె పెద్దవిగా, తేటగా ఉన్నాయి. నడుమ ద్రావణపు బీకరు. దాని అడుగున అయస్కాంతపు ముక్కను గిరగిర తిప్పే యంత్రం. బీకరుకు కుడివైపున చిన్న గాజుపళ్లెంలో కుడిచేతి స్ఫటికం, ఎడమవైపున అటువంటి పళ్లెంలోనే ఎడమచేతి స్ఫటికం. బృందానికి తేడా చూపడానికి ఆ రెండూ పెట్టింది కోడలు. కంటికి రెండూ ఒకటే. రెండు పోలరాయిడ్ పలకల నడుమ ఉంచి పై పలకను కొద్దిగా త్రిప్పితే మాత్రం ఒకటి నీలి ఛాయకు, రెండవది గోధుమ ఛాయకు తిరుగుతుంది.

ఆమె ముందే హెచ్చరించింది. "సార్, ఈ ఉప్పు దగ్గర నిప్పు వద్దు. మంట తగిలితే మాట వినది."

"హారతి లేకుండ ఎట్లమ్మా?" అన్నాడు కరస్పాండెంటు. చివరకు ఒక రాజీ కుదిరింది. హారతి ఉంటుంది, కాని బల్లకు దూరంగా ఉంటుంది.

బృందానికి పెద్ద ఒక రసాయనశాస్త్రపు ఆచార్యురాలు, కోస్తా వైపు మనిషి. నా స్వాగత పద్యాన్ని నిలబడి విని, "బాగుందండీ. ఇంక పనిలోకి వెళ్దామా?" అన్నది. నేను పద్యం ఇంకొకటి కూడ తెచ్చుకొని ఉంటిని. దానిని జేబులోనే ఉంచినాను.

ప్రిన్సిపాలు కోదాడ మనిషి. గడియారం చూచి హడలిపోయినాడు. "సార్, రాహుకాలం వచ్చేస్తుందండి! త్వరగా కానివ్వాలండి!"

కరస్పాండెంటు కర్పూరం వెలిగించిన పళ్లెం కుడిచేత పట్టుకొని, కోడలి ఆజ్ఞ ప్రకారం ఆ చేతిని గుమ్మం వైపు, బల్లకు దూరంగా, బారెడు చాచినాడు. కర్పూరం భగ్గుమన్నది. కోడలు నిప్పునే చూస్తున్నది. ప్రిన్సిపాలు గడియారం చూస్తున్నాడు. నేను పద్యం వ్రాసిన కాగితం మడుస్తున్నాను. ఇంతలో, "పడ్డది, ఇగ తిప్పుండ్రి!" అన్న కరస్పాండెంటు గొంతు వినబడింది. అందరం చప్పట్లు కొట్టినాము. యంత్రం కదిలింది. అటెండరు గాజుపళ్లేలు రెండూ తీసి కడగడానికి పట్టుకుపోయినాడు. విత్తనం ఎవరి చేత పడినదో అందరికీ తెలుసు. ఏ చేత పడినదో ఎవ్వరమూ చూడలేదు.

మరునాడు కోడలు మొదటి బస్సుకే బయలుదేరింది. బోర్డు కర్తను గనుక నేనూ పోయినాను. బీకరులో సన్నని స్ఫటికాలు కుప్పగా దిగి ఉన్నాయి. ఆమె కొన్నింటిని తీసి, అద్దుడు కాగితంపై ఆరబెట్టి, పలకల నడుమ పెట్టి త్రిప్పింది. ఆగింది. మరికొన్ని తీసింది. మళ్ళీ త్రిప్పింది. అంతలో కరస్పాండెంటు గుమ్మంలోకి వచ్చినాడు.

"అయినయా అమ్మా?"

"అయినయి సార్. అన్నీ ఒకటే చెయ్యి."

"శభాష్!"

"ఎడమ చెయ్యి సార్."

ఆయన చిరునవ్వు అట్లే ఉండిపోయింది, దానిని తీయడం మరచినట్లు. "గట్లెట్లయితది?"

"ఎడమ విత్తనం పడ్డది. వేసిందే వచ్చింది."

ఆయన బల్ల చుట్టూ ఒకసారి తిరిగినాడు. ప్రదక్షిణంగానే తిరిగినాడు.

"ఒక పని జెయ్యమ్మా. గిన్నెను అటు మొఖం తిప్పి పెట్టు. ఆళ్లు ఎదురుంగ కూసుంటరు గద. మనకు ఎడమదైతే ఆళ్లకు కుడిది అయితది."

"కాదు సార్. చెప్పును అవతలి నుంచి చూస్తే కాలు మారుతదా? ఇది గూడ అంతే. ఎటు నుంచి చూసినా ఎడమదే."

ఆయన నా వైపు చూచినాడు. శాస్త్రాలలో ఎక్కడైనా దీనికి మినహాయింపు ఉంటుందని ఆశపడినట్లున్నది. అధికమాసానికి, మైలకు, ప్రయాణానికి మినహాయింపులు నాకు తెలుసు. దీనికి తెలియదు.

"అయితే ఆ పలకలు తీసెయ్యి. ఉప్పు ఉప్పు లెక్కనే కనబడతది. ఎవలకు తెలుస్తది?"

"ఎవలకూ తెల్వది సార్. కాని అప్పుడది ఉత్త ఉప్పు. ఉత్త ఉప్పు చూసి ఆళ్లు గ్రూపును ఉంచమంటరా?"

ఈలోగా బృందం రానే వచ్చింది.

ఆచార్యురాలు మొదట బోర్డు చదివింది. పిదప పలకలకు కన్ను ఆనించి త్రిప్పింది. మళ్ళీ బోర్డు చూచింది. మళ్ళీ త్రిప్పింది.

"బోర్డు కుడి అంటోంది. స్ఫటికాలు ఎడమ అంటున్నాయి. దేన్ని నమ్మమంటారండీ?"

"స్ఫటికాలను మేడం" అన్నది మా కోడలు. ఇంటి పెద్దను ఇంత సునాయాసంగా ఎవరూ త్రోసిపుచ్చి ఉండరు.

"మరి విత్తనం ఎవరు వేశారు?"

మన వద్ద తప్పు నీటి వంటిది, ఎప్పుడూ పల్లానికే పారుతుంది. ప్రిన్సిపాలు అటెండరు వైపు చూచినాడు. అటెండరు, "పళ్లేలు పెట్టింది మేడమే సార్" అని కోడలి వైపు చూచినాడు. అంతకంటె క్రిందికి పారడానికి చోటు లేదు. కోడలు పదేళ్లకు పైగా ఆ గదిలో నిలబడిన మనిషి. నింద మీద వేసుకుంటే ప్రయోగం చేతకానిదవుతుంది, వేసుకోకుంటే యజమానిని పదిమందిలో చూపవలె. రెండింటి చివరా గ్రూపు మూతయే. ఆమె నోరు తెరవబోతుండగా కరస్పాండెంటు గొంతు సవరించుకొన్నాడు.

"నేనే ఏసిన. హారతి కుడిచేతుల ఉండె. కాలం మించిపోతున్నదని ఈయన లొల్లి. ఖాళీగున్నది ఎడమ చెయ్యి. దాని దగ్గరున్న పళ్లెంల నుంచే తీసి ఏసిన." ఒక క్షణం ఆగినాడు. "నాది పుట్టుకతోని పుర్రచెయ్యే మేడం. చిన్నప్పుడు మా నాయన ఈ చేతికి గుడ్డ కట్టి పెట్టిండు, బువ్వ కాడ, పలక కాడ. పెద్దగైనంక గుడ్డ లేదు గని, కట్టు ఉన్నట్టే ఉంటది. తొందరల మరిచిపోయిన."

ఎవ్వరూ నవ్వలేదు. ఆచార్యురాలు పలకలను మరొకసారి త్రిప్పి చూచి, కలం తీసింది.

"అయితే ప్రయోగం చక్కగా పనిచేసిందండీ. వేసిన విత్తనమే వచ్చింది. పని చేయనిది ఆ బోర్డు ఒక్కటే."

నేను తడిగుడ్డ కోసం వెదకినాను.

మధ్యాహ్నం బృందం వెళ్లిపోయిన తరువాత ఆఫీసు గదిలో కూర్చున్నాము. రసాయనశాస్త్ర విభాగాన్ని గూర్చి వారు మంచి మాటలే వ్రాసిపోయినారు. కరస్పాండెంటు అరచేతిలో ఒక ఎడమచేతి స్ఫటికం పెట్టుకొని అటూ ఇటూ దొర్లిస్తున్నాడు.

"దీన్ని నీళ్లల్ల ఏస్తే?"

"కరిగిపోతది సార్. చెయ్యి పోతది. మళ్ళ గడ్డ కడితే కుడిదే కావచ్చు."

"అంటే లోపల ఉప్పుకు ఏ చెయ్యీ లేదు."

"లేదు సార్."

ఆయన దాన్ని కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో వేసుకొన్నాడు. "వద్దు, కరగబెట్టకు. ఉండనీ" అన్నాడు. అప్పుడు సూపరింటెండెంటు తెచ్చిన ఉత్తర్వును, వచ్చే ఏడు గ్రూపు కొనసాగుతుందనీ కోడలి కొలువు అట్లే ఉంటుందనీ ఉన్నదానిని, ముందుకు లాక్కొని కలం తీసినాడు. అలవాటు చొప్పున కుడిచేతికి మార్చుకోబోయి, మార్చుకొనలేదు. ఎడమచేతనే సంతకం చేసినాడు. గుండ్రంగా, తడబాటు లేకుండ వచ్చింది. మిల్లులో కలం చేయి మార్చుకున్నప్పుడు నేను మర్యాద అని దేనిని మెచ్చుకున్నానో అప్పుడు నాకు తెలిసింది.

సూపరింటెండెంటు కాగితాన్ని కన్నులకు దగ్గరగా పెట్టుకొని నసిగినాడు.

"సార్, ఇది మీ సంతకం లెక్క లేదు. రికార్డుల ఉన్నదానికి కలుస్తలేదు. రేపు ఎవలన్న అడిగితే పరేషాన్ అయితది."

ఆయన నిట్టూర్చి, కలం కుడిచేతిలోకి తీసుకొని, మొదటి సంతకం ప్రక్కన లోకానికి తెలిసిన సంతకం చేసినాడు. వంకర టింకరగా, కష్టపడి, ఎప్పటివలెనే.

"ఇగ మొదటిది కొట్టెయ్యాల్నా సార్?"

"కొట్టేసుడేంది?" అన్నాడు ఆయన, మా కోడలి వైపు చూచి. "రెండూ పక్కపక్కన ఉండనీ."